అమెరికా ఇచ్చే ఆయుధాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా ట్యాక్సు గడువు ఏప్రిల్ 15 దగ్గర పడేసరికి అమెరికాలో ఉన్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రెండు మాటలే వినిపిస్తాయి. రిఫండు ఎంతొచ్చింది, కట్టిన ట్యాక్సు ఎటు పోతోంది. మొదటిదానికి ఎవరి జవాబు వాళ్లకుంటుంది. రెండోది మాత్రం పది నిమిషాల్లో గాజాకో, యుక్రెయిన్‌కో, పాకిస్తాన్ ఎఫ్-16లకో మళ్లి, ఇద్దరు అలిగి గ్రూపు వదిలి వెళ్లేదాకా సాగుతుంది. అక్కడ ముక్కలు ముక్కలుగా నేను టైపు చేసిన జవాబుల్నే ఇక్కడ ఒకచోట పెట్టాను. నా అభిప్రాయం ఉన్నచోట దాచుకోలేదు.

అసలు అమెరికా ఆయుధాలు అమ్ముతుందా, ఊరికే ఇస్తుందా?

రెండూ చేస్తుంది. ప్రభుత్వం ప్రభుత్వానికి అమ్మడం ఒక దారి. మన వైమానిక దళం సీ-130జే, సీ-17 రవాణా విమానాలు కొన్నది అలాగే. పెంటగాన్, అంటే అమెరికా రక్షణ శాఖ, మధ్యలో నిలబడి కంపెనీతో బేరం, డెలివరీ చూసుకుంటుంది. కంపెనీయే విదేశాంగ శాఖ దగ్గర లైసెన్సు తెచ్చుకుని నేరుగా అమ్ముకోవడం రెండో దారి. మన నౌకాదళం బోయింగ్ దగ్గర పీ-8ఐ నిఘా విమానాలు కొన్నది ఆ పద్ధతిలో. మూడోది గ్రాంటు: ఆయుధాలు కొనుక్కోమని అమెరికాయే డబ్బిస్తుంది. నాలుగోది, అధ్యక్షుడు తమ సైన్యం గోదాముల్లో ఉన్న సరుకునే తీసి పంపేయడం. 2022 తర్వాత యుక్రెయిన్‌కు వెళ్లినదాంట్లో చాలా భాగం ఇలా వెళ్లిందే.

గ్రూపులో సగం గొడవ ఇక్కడే. ఒకరు అమ్మకం గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు గ్రాంటు గురించి మాట్లాడుతుంటారు. సౌదీ అరేబియా సొంత డబ్బు పెట్టి కొంటుంది. ఈజిప్టు, ఇజ్రాయెల్ పెద్ద ఎత్తున గ్రాంటు మీద కొంటాయి. సౌదీ కొన్న బాంబులో మీ ట్యాక్సు డాలరు లేదు. దాన్ని అమ్మడానికి సంతకం పెట్టింది మాత్రం మీ ప్రభుత్వమే.

గ్రాంటు ఎవరికి, ఎంత?

ఇజ్రాయెల్‌ది అందరికన్నా పెద్దది. ఒబామా హయాంలో 2016లో కుదిరిన ఒప్పందం ప్రకారం 2019 నుంచి 2028 ఆర్థిక సంవత్సరం దాకా పదేళ్లలో 3,800 కోట్ల డాలర్లు. అంటే ఏడాదికి 330 కోట్లు ఆయుధాలకు, 50 కోట్లు క్షిపణి రక్షణకు. ఈజిప్టుకు ఏటా 130 కోట్ల డాలర్లు. ఇజ్రాయెల్‌తో చేసుకున్న 1979 శాంతి ఒప్పందం తాలూకు ప్రతిఫలం ఇప్పటికీ అందుతూనే ఉంది. 2024 ఏప్రిల్‌లో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ఆమోదించిన ప్యాకేజీలో యుక్రెయిన్ పద్దు 6,100 కోట్ల డాలర్ల దాకా ఉంది, అయితే అందులో అమెరికా సొంత గోదాములు మళ్లీ నింపుకునే ఖర్చూ కలిసి ఉంది.

సైనికం, ఆర్థికం అన్నీ కలిపినా విదేశీ సాయం అమెరికా బడ్జెట్‌లో మామూలుగా 1 శాతం అటూ ఇటూ. కాబట్టి "మన ట్యాక్సంతా అక్కడికే పోతోంది" అనే ఫార్వర్డు మెసేజీని నమ్మకండి. దీని మీద పోట్లాడటానికి గట్టి కారణాలు వేరే ఉన్నాయి.

అంటే ఆ డబ్బు నేరుగా వాళ్ల చేతికి వెళ్తుందా?

చాలావరకు వెళ్లదు. పెళ్లికి ఐదువేలు చదివించి "బట్టలు మాత్రం మా కొట్లోనే తీసుకోవాలి" అన్నట్టుంటుంది వ్యవహారం. గ్రాంటు డబ్బు అమెరికా ఖజానాలోంచి బయల్దేరి అమెరికా కంపెనీల ఖాతాల్లోనే దిగుతుంది. పెన్సిల్వేనియాలో స్క్రాంటన్ అనే ఊళ్లో 155 ఎంఎం ఫిరంగి గుండ్లు చేసే ఫ్యాక్టరీ ఉంది. యుక్రెయిన్ సాయం కోసం వాదించిన చాలామంది నాయకులు ఆ ఫ్యాక్టరీ లాంటివాటిని చూపించే వాదించారు. సాయానికి ఓటేసే సభ్యుడికి తన నియోజకవర్గంలో ఉద్యోగాలు కనిపిస్తాయి.

ఇజ్రాయెల్‌ విషయంలో రెండు మినహాయింపులున్నాయి. గ్రాంటులో కొంత భాగాన్ని, ఒకప్పుడు నాలుగో వంతు పైచిలుకు, తన సొంత కంపెనీల దగ్గరే ఖర్చు పెట్టుకోవచ్చు. 2028 నాటికి ఈ వెసులుబాటు సున్నా అవుతుంది. రెండోది, మిగతా దేశాలకు విడతల వారీగా వచ్చే డబ్బు దానికి బడ్జెట్ ఆమోదం పొందిన 30 రోజుల్లో మొత్తంగా న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్‌లోని వడ్డీ వచ్చే ఖాతాలో పడుతుంది.

ఇలా ఇచ్చేటప్పుడు అడ్డుపడే చట్టాలేమీ లేవా?

కావలసినన్ని ఉన్నాయి. 1976 నాటి ఆయుధ ఎగుమతి నియంత్రణ చట్టం ప్రకారం ఓ స్థాయి దాటిన ప్రతి అమ్మకాన్నీ ముందుగా కాంగ్రెస్‌కు నోటీసు రూపంలో చెప్పాలి. మామూలు దేశాలకైతే 30 రోజులు, నాటో దేశాలకూ ఇజ్రాయెల్, జపాన్ లాంటి కొన్నింటికీ 15 రోజులు గడువు. మానవ హక్కుల్ని వరసపెట్టి తొక్కేసే ప్రభుత్వాలకు సైనిక సాయం ఇవ్వకూడదని ఒక సెక్షన్ ఉంది. అమెరికా పంపే మానవతా సాయాన్ని అడ్డుకునే దేశానికి ఇవ్వకూడదని ఇంకో సెక్షన్ ఉంది. ఘోరాలకు పాల్పడిన సైనిక దళానికి పైసా ఇవ్వొద్దనే లీహీ చట్టం 1997 నుంచీ ఉంది.

చిక్కంతా కాంగ్రెస్ వద్దంటే ఆగుతుందా అన్న దగ్గర. దీని వెనక మన స్టూడెంట్ వీసా కుర్రాళ్లకు బాగా అర్థమయ్యే కథ ఒకటుంది.

జగదీశ్ రాయ్ చద్దా కెన్యాలో పుట్టిన భారత సంతతి మనిషి. బ్రిటిష్ పాస్‌పోర్టుతో అమెరికాకు చదువుకోడానికి వచ్చాడు. 1972లో వీసా గడువు అయిపోయింది. వెనక్కి వెళ్దామంటే కెన్యా రానివ్వదు, బ్రిటన్ ఇప్పుడప్పుడే కాదంటుంది. ఇమ్మిగ్రేషన్ జడ్జి జాలిపడి డిపోర్టేషన్ ఆపేశాడు. ఆ రోజుల్లో అలాంటి నిర్ణయాన్ని కాంగ్రెస్‌లో ఒక్క సభ తీర్మానం చేసినా రద్దు చేయగలిగేది. 1975 డిసెంబరులో ప్రతినిధుల సభ అదే పని చేసింది. చద్దా కోర్టుకెక్కాడు. 1983లో సుప్రీంకోర్టు ఆయన వైపే తీర్పు చెప్పింది: అధ్యక్షుడి ముందు పెట్టకుండా కాంగ్రెస్ ఇలా వీటో చేయడం రాజ్యాంగ విరుద్ధం.

ఆయన అమెరికాలో ఉండిపోయాడు. ఆయుధాల చట్టానికి మాత్రం కాళ్లు విరిగాయి. అంతకుముందు ఉభయ సభలూ వద్దని తీర్మానిస్తే చాలు, అధ్యక్షుడి సంతకంతో పనిలేకుండా అమ్మకం ఆగిపోవాలి. ఆ తీర్పు తర్వాత ఆ తీర్మానాన్ని కూడా అధ్యక్షుడి దగ్గరికే పంపాలి. అమ్ముతానన్నది ఆయనే, కాబట్టి వీటో చేస్తాడు. దాన్ని దాటాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మెజారిటీ కావాలి. 1986లో సౌదీకి క్షిపణులు అమ్మొద్దని కాంగ్రెస్ తీర్మానిస్తే రీగన్ వీటో చేశాడు, సెనేట్‌లో ఒక్క ఓటు తక్కువై వీటో నిలిచింది. 2019లో సౌదీ, యూఏఈ అమ్మకాల మీద మూడు తీర్మానాలు నెగ్గితే ట్రంప్ మూడింటినీ వీటో చేశాడు. ఈ దారిలో కాంగ్రెస్ ఇప్పటిదాకా ఒక్క అమ్మకాన్నీ ఆపలేకపోయింది.

పైగా "అత్యవసరం" అంటే నోటీసు గడువు కూడా ఎగిరిపోతుంది. 2019లో సౌదీ విషయంలో ట్రంప్ ప్రభుత్వం ఆ మాట వాడింది. 2023 డిసెంబరులో ఇజ్రాయెల్‌కు ట్యాంకు గుండ్లు పంపడానికి బైడెన్ ప్రభుత్వమూ అదే మాట వాడింది. పార్టీలు మారినా ఆ పదం మీద ప్రేమ మారదు.

మరి సెనేటర్ బెర్నీ శాండర్స్ పెట్టిన తీర్మానాలు ఎందుకు? ఓడిపోతాయని తెలిసి కూడా?

ఎవరు ఎటు నిలబడ్డారో రికార్డులో ఉండటానికి. 2024 నవంబరులో ఇజ్రాయెల్ అమ్మకాల మీద ఆయన పెట్టిన తీర్మానాలకు 17 నుంచి 19 దాకా ఓట్లు వచ్చాయి. 2025 ఏప్రిల్‌లో 15కు పడిపోయాయి. అదే ఏడాది జులైలో ఒకదానికి 27 వచ్చాయి, అంటే ఆయన పక్షాన కూర్చునే డెమోక్రాట్లలో సగానికి పైనే. నెగ్గే అంకె కాదు, నిజమే. కానీ ఇలాంటి విషయాల్లో సెనేటర్లు ఓటు వేయాల్సి రావడమే వాళ్లకు పెద్ద ఇబ్బంది.

లీహీ చట్టం బాగానే ఉంది కదా, అది పనిచేయదా?

చిన్న దేశాల మీద పనిచేస్తుంది. ఫలానా బెటాలియన్‌కు శిక్షణ ఇవ్వాలంటే రాయబార కార్యాలయం ముందుగా పేర్లు, పాత చరిత్ర పరిశీలిస్తుంది. మచ్చ ఉంటే ఆ దళాన్ని పక్కన పెడుతుంది. పెద్ద మొత్తంలో సరుకు వెళ్లే దేశాల దగ్గర మాత్రం ఏ బాంబు ఏ దళానికి చేరిందో అమెరికా దగ్గర లెక్కే ఉండదు. దళం తెలియనప్పుడు దళాల మీద పెట్టిన నిషేధం ఎవరికి వర్తిస్తుంది? ఆ చట్టానికి పేరిచ్చిన మాజీ సెనేటర్ ప్యాట్రిక్ లీహీయే దాన్ని ఇజ్రాయెల్‌కు కూడా వర్తింపజేయాలని 2024లో పత్రికాముఖంగా అడగాల్సి వచ్చింది. విదేశాంగ శాఖలో ఈ బదిలీల విభాగంలోనే పదకొండేళ్లకు పైగా పనిచేసిన జోష్ పాల్ 2023 అక్టోబరులో రాజీనామా చేసి బయటికొచ్చింది కూడా ఇదే గొడవ మీద.

ఇచ్చిన తర్వాత ఎక్కడ వాడుతున్నారో చూస్తారా?

దాచిన చోటు చూస్తారు. వాడిన చోటు చూడటం అరుదు. పెంటగాన్‌కు ఒక తనిఖీ పథకం, విదేశాంగ శాఖకు ఇంకొకటి ఉన్నాయి. గోదాముకు తాళం ఉందా, సీరియల్ నంబర్లు సరిపోయాయా, సరుకు మూడో మనిషి చేతికి పోయిందా అన్నది వాటి పని. దేని మీద పేల్చారన్నది ఆ ఫారంలో ఉండదు.

2018 ఆగస్టు 9న యెమెన్ ఉత్తరాన ధహ్యాన్ అనే ఊరి బజారులో విహారానికి బయల్దేరిన బడిపిల్లల బస్సు ఆగి ఉంది. సౌదీ కూటమి విమానం దాని మీద బాంబు వేసింది. 40 మంది పిల్లలు చనిపోయారు. స్థానికులు ఆ చోట ఏరి ఫొటో తీసిన లోహపు ముక్క మీద అంకెలు, అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఆయుధ నిపుణులు వాటిని చదివి, అది అమెరికా కంపెనీ లాక్‌హీడ్ మార్టిన్ తయారు చేసిన లేజర్ గైడెడ్ ఎంకే-82 అని, 500 పౌన్ల తరగతి బాంబని చెప్పారు. తనిఖీ వాళ్ల సీరియల్ నంబర్ల పని అక్కడ ఊరి జనం చేశారు.

పోగొట్టుకున్న సరుకు సంగతి ఇంకోటి. 2021 ఆగస్టులో కాబూల్ పడిపోయేనాటికి అమెరికా ఇచ్చిన 700 కోట్ల డాలర్ల పైచిలుకు సామగ్రి అఫ్ఘాన్ సైన్యం దగ్గర ఉంది. మర్నాటికి ఆ సైన్యం లేదు.

సాయం ఆపేస్తామంటే ఆ దేశాలు మాట వింటాయా?

దీనికి సూటి జవాబు ఆశించేవాళ్లకు నిరాశే. 1982లో లెబనాన్ మీద వాడారని రీగన్ ఇజ్రాయెల్‌కు క్లస్టర్ బాంబులు ఆపేశాడు. 1988 దాకా ఆ నిషేధం నిలిచింది, ఆకాశం ఊడిపడలేదు. 2024 మేలో బైడెన్ 2,000 పౌన్ల బాంబుల ఓడ సరుకు ఒకటి ఆపాడు, మిగతాదంతా పంపుతూనే ఉన్నాడు. గాజాలోని రఫా మీద దాడి ఆగలేదు. 2025 జనవరిలో ట్రంప్ ఆ బాంబులనూ వదిలేశాడు. అదే ట్రంప్ మార్చిలో, జెలెన్‌స్కీతో వైట్‌హౌస్ గొడవ తర్వాత, యుక్రెయిన్‌కు సాయం ఆపితే ఎనిమిది రోజుల్లో కాల్పుల విరమణ ప్రతిపాదనకు కీవ్ ఒప్పుకుంది.

నాకు అర్థమైనంతలో, మొదటి అమ్మకం దగ్గర ఉండే పట్టు చిన్నది. అసలు పట్టు విడిభాగాలది. ఫైటర్ విమానం ముప్పై నలభై ఏళ్లు ఎగురుతుంది. టైరు, రాడార్ కార్డు, ఇంజన్ ఓవర్‌హాలు, సాఫ్ట్‌వేరు అన్నీ అమ్మినవాడి దగ్గరే. "మనం ఇవ్వకపోతే చైనా ఇస్తుంది" అంటారు. ఇస్తుంది, కానీ ఎఫ్-16కు చైనా టైరు అమర్చలేరు కదా. మొత్తం వాయుసేనను మార్చుకోవాలి, దానికి ఇరవై ఏళ్లు పడుతుంది. ఆ ఇరవై ఏళ్లూ అమెరికా చేతిలో తాళంచెవి ఉన్నట్టే. ఉన్నా తిప్పరు, అదే నా ఫిర్యాదు.

మనదేశానికి దీంతో పనేమిటి? మనం డబ్బు కట్టి కొంటున్నాం కదా.

మనకున్నంత అనుభవం చాలా దేశాలకు లేదు. 1954లో పాకిస్తాన్‌కు సైనిక సాయం మొదలుపెడుతూ అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ నెహ్రూకు ఉత్తరం రాశాడు: దురాక్రమణకు ఆ ఆయుధాలు వాడితే అడ్డుకుంటాం అని. 1962లో చైనా మీద పడినప్పుడు మనమే చేయి చాచాం, కెనెడీ ఆయుధాలు పంపాడు. 1965 సెప్టెంబరులో పాకిస్తాన్‌కిచ్చిన ఆ అమెరికన్ ప్యాటన్ ట్యాంకులే పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ మీదికి వచ్చాయి. అసల్ ఉత్తర్ దగ్గర మనవాళ్లు చెరకు తోటల్లో మాటువేసి, పొలాలకు నీళ్లు వదిలి వాటిని బురదలో దింపారు. పట్టుబడ్డ ట్యాంకులన్నీ తెచ్చి పెట్టిన చోటికి ప్యాటన్ నగర్ అని పేరొచ్చింది. అమెరికా చేసిందల్లా ఇద్దరికీ ఆయుధాలు ఆపేయడం. దాదాపు పూర్తిగా అమెరికా సరుకు మీదే నడిచే పాకిస్తాన్‌కు ఆ దెబ్బ గట్టిగా తగిలింది.

ఆ దశాబ్దంలోనే మనం సోవియట్ వైపు జరిగాం. విశాఖ ఆర్కే బీచ్‌లో పిల్లల్ని తీసుకెళ్లి చూపిస్తామే, కురుసుర సబ్‌మెరైన్, అది ఆ మలుపు తాలూకు వస్తువే. 1969లో నౌకాదళంలో చేరింది. లోపలికెళ్తే తలుపులు, వాల్వులు అన్నిటికీ రష్యా ముద్ర.

తర్వాతి కథ ఎఫ్-16లది. పాకిస్తాన్ దగ్గర అణుబాంబు లేదని అధ్యక్షుడు ఏటా సర్టిఫికెట్ ఇస్తేనే సాయం అని 1985లో ప్రెస్లర్ సవరణ వచ్చింది. అఫ్ఘాన్‌లో సోవియట్ సైన్యం ఉన్నన్నాళ్లూ సర్టిఫికెట్ వస్తూనే ఉంది. ఆ సైన్యం వెనక్కి వెళ్లాక, 1990లో ఆగిపోయింది. డబ్బు కట్టిన 28 విమానాలు ఫ్యాక్టరీ నుంచి నేరుగా అరిజోనా ఎడారిలో, పాత విమానాలు పడేసే చోటికి వెళ్లి ఏళ్ల తరబడి ఎండకెండాయి. 1998 డిసెంబరులో లెక్క తేలింది: కొంత నగదు, కొంత గోధుమలు వగైరా సరుకు. ఫైటర్ జెట్లకు అడ్వాన్సు కడితే గోధుమలొచ్చాయి. అణుబాంబు మాత్రం ఆగలేదు, అదే ఏడాది మేలో వాళ్లు పరీక్ష చేశారు. 2005లో అమెరికా మళ్లీ ఎఫ్-16ల అమ్మకానికి ఒప్పుకుంది.

2022లో పాకిస్తాన్ ఎఫ్-16లకు 45 కోట్ల డాలర్లు ఇచ్చారంటారు. అది సాయమా?

కాదు, మెయింటెనెన్సు అమ్మకం. ఆ నోటీసు మామూలు జనం కూడా ఆన్‌లైన్‌లో చదవొచ్చు. అలాంటి నోటీసులన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఏమేమి అమ్ముతున్నారు, అంచనా ధర, అమెరికా విదేశాంగ విధానానికి ఇదెలా ఉపయోగం, చివర్లో ఒక వాక్యం: ఈ అమ్మకం వల్ల ఆ ప్రాంతంలో మౌలిక సైనిక సమతూకం మారదు. పాకిస్తాన్ నోటీసులో ఆ వాక్యం ఉంది. 2024 ఫిబ్రవరిలో మనకు 31 ఎంక్యూ-9బీ డ్రోన్లు అమ్ముతామన్న నోటీసులోనూ అదే వాక్యం ఉంది. ఇద్దరికీ అమ్మినా ఎవరి తూకమూ మారకపోతే వాళ్లు అమ్ముతున్నదేమిటో! ఆ ఎఫ్-16లు ఉగ్రవాదుల మీద వాడటానికే అన్న మాటకు జైశంకర్ అమెరికాలోనే ఉండి, ఇలా చెప్పి ఎవరినీ మభ్యపెట్టలేరని జవాబిచ్చారు.

హైదరాబాద్‌లో తయారైనవి కూడా ఈ యుద్ధాల్లో ఉన్నాయా?

ఈ ప్రశ్నకు గ్రూపు కాసేపు నిశ్శబ్దమవుతుంది. ఆదిబట్లలో టాటా-బోయింగ్ ఫ్యాక్టరీలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతాయి, అక్కడే సీ-130జే తోక భాగాలు చేసే యూనిట్ కూడా ఉంది. ఇజ్రాయెల్‌కు చెందిన ఎల్బిట్ కంపెనీ హెర్మిస్ 900 డ్రోన్లను ఇజ్రాయెల్ బయట మొదటిసారి తయారు చేసే ఫ్యాక్టరీ అదానీతో కలిసి 2018లో హైదరాబాద్‌లోనే తెరిచారు. కంచన్‌బాగ్‌లోని భారత్ డైనమిక్స్ చేసే ఆకాశ్ క్షిపణులు ఆర్మేనియాకు వెళ్లాయి. ఫిలిప్పీన్స్‌కు బ్రహ్మోస్ 2024 ఏప్రిల్‌లో అందింది. 2024-25లో మన రక్షణ ఎగుమతులు ₹23,622 కోట్లు.

అంటే స్క్రాంటన్ వాదన ఇప్పుడు ఆదిబట్లకు కూడా వచ్చింది. మహేశ్వరంలోనో ఇబ్రహీంపట్నంలోనో ఐటీఐ చదివిన కుర్రాడికి ఇది మంచి ఉద్యోగం, ఆ మాట తీసిపారేయను. కానీ నియమాల విషయంలో మనం అమెరికా కంటే వెనకబడే ఉన్నాం. అనుమతి రక్షణ ఉత్పత్తుల శాఖ ఇస్తుంది, అంతే. పార్లమెంటుకు ముందుగా నోటీసివ్వాలన్న రూలు లేదు, 30 రోజుల గడువూ లేదు. ఇజ్రాయెల్‌కు ఎగుమతులు ఆపాలని వేసిన పిటిషన్‌ను, విదేశాంగ విధానంలో తాము తలదూర్చలేమంటూ సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 9న కొట్టేసింది. 2013లో ఐక్యరాజ్యసమితిలో ఆయుధ వాణిజ్య ఒప్పందం మీద ఓటింగు జరిగితే మనం తటస్థంగా ఉండిపోయాం. అమెరికా నోటీసు మీద జోకులేసుకునే ముందు మనకు ఆ నోటీసు కూడా లేదని గుర్తుంచుకోవాలి.

వేరే దేశాల్లో కోర్టులు ఆపాయా?

అక్కడక్కడ. సౌదీ లైసెన్సులు ఇచ్చిన తీరు చెల్లదని 2019లో బ్రిటన్ అప్పీలు కోర్టు చెప్పింది. 2024 ఫిబ్రవరిలో హేగ్ అప్పీలు కోర్టు ఇజ్రాయెల్‌కు ఎఫ్-35 ఫైటర్ విడిభాగాలు పంపొద్దని డచ్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. అదే ఏడాది సెప్టెంబరులో బ్రిటన్ ప్రభుత్వం 350 లైసెన్సుల్లో ఓ 30 నిలిపేసింది, ఎఫ్-35 విడిభాగాల్ని మాత్రం చాలావరకు వదిలేసింది. చూశారా, మళ్లీ విడిభాగాలే.

ఆయుధాలు ఇవ్వొద్దంటున్నారంటే యుక్రెయిన్‌ను రష్యాకు వదిలేయమంటారా?

నేనలా అనలేదు. ఇంటి మీదికొచ్చినవాణ్ని ఎదుర్కోడానికి అడిగినవాళ్లకు ఇవ్వడం తప్పని నేననుకోను. 1962లో మనమూ అడిగాం. నేననేది, ఉన్న సెక్షన్లను ఇష్టమైనవాళ్లకు ఒకలా, కానివాళ్లకు ఇంకోలా చదవొద్దని. యుక్రెయిన్‌కు క్లస్టర్ బాంబులు పంపినప్పుడు కూడా నేను గ్రూపులో ఇదే రాశాను. రెండు వైపులా తిట్లు తిన్నాను.

నేను హెచ్1బీ మీద ఉన్నాను. నేనేమైనా చేయగలనా?

ఓటు లేదు. గ్రీన్ కార్డు లేకుండా ఎన్నికల చందా ఇవ్వడం చట్టవిరుద్ధం, పొరపాటున కూడా ఇవ్వకండి. మీ ప్రాంతపు ప్రతినిధి ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పొచ్చు. జిప్ కోడ్ అడుగుతారు, పౌరసత్వం సాధారణంగా అడగరు. నిరసనల సంగతి వేరు. 2025లో అలా పాల్గొన్న విద్యార్థుల వీసాలు రద్దయ్యాయి, కాబట్టి ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి.

అందరూ చేయగలిగింది నోటీసులు చదవడం. పెంటగాన్ పరిధిలోని రక్షణ భద్రతా సహకార సంస్థ వెబ్‌సైటులో పెద్ద అమ్మకాల నోటీసులుంటాయి, ఒక్కోటి పేజీ, పేజీన్నర. ధర చూసి ఆగిపోకండి, కిందికి వెళ్లండి. ప్రధాన కాంట్రాక్టరు పేరు, పక్కనే ఆ కంపెనీ ఉన్న ఊరి పేరు ఉంటాయి. మీ ప్రతినిధి ఎటు ఓటేస్తాడో చాలాసార్లు ఆ ఊరి పేరు దగ్గరే తెలిసిపోతుంది.